అవతలి గట్టుకి చెప్పలేదు

పి.గన్నవరం దాటాక కాలవ గట్టు మీద మా ఇల్లు. వంటలు చేసిపెట్టడం నా పని. పెళ్ళిళ్ళకి వండుతాను, కోతలప్పుడు కూలీలకి వండుతాను. రెండో పంట దాళ్వా నాట్లు అయిపోయిన రోజుల్లో ఒకసారి సినిమావాళ్ళకి కూడా వండాను. సినిమా అంటే పెద్దది కాదు, ఫోనులో చూసుకునే రకం. ఒక కెమెరా, ఒక వ్యాను, ఓ డజను మంది కుర్రాళ్ళు. డైరెక్టరు అమలాపురం అబ్బాయే, హైదరాబాదులో ఉంటాడు. గట్టు మీద కత్తులతో తరిమే ఫైటు ఒకటి తీయాలని మా ఊరొచ్చాడు.

హీరోకి ఈత రాదు. అతని బదులు కాలవలో దూకే మనిషి కావాలి. మా తమ్ముడు అప్పుడు ఖాళీగా ఉన్నాడు. ఒకసారి కువైట్ వెళ్ళొచ్చి మళ్ళీ వెళ్ళే ప్రయత్నంలో ఉన్నాడు. వీసా వచ్చింది, మెడికల్ అయింది, పోలీసు క్లియరెన్సు ఒక్కటే మిగిలింది. ఈ మనిషి మీద ఏ కేసూ లేదని పోలీసులు రాసిచ్చే కాగితం అది. ఈలోపు ఏ కేసులో పేరు పడినా ప్రయాణం పోయినట్టే. అందుకని వద్దన్నాను.

"ఏం కాదక్కా. హీరో చొక్కా తొడుక్కుని వెనకనుంచి కనబడితే చాలంట. మొహం కూడా పడదు."

"మొహం పడనిదానికి నీకెందుకురా అంత సరదా?"

"వీపు చూసి గుర్తుపట్టేవాళ్ళు ఉంటార్లే."

డైరెక్టరు అజాగ్రత్త మనిషని నేననను. రోడ్డు ఆపుకోవడానికి స్టేషన్లో పర్మిషన్ తీసుకున్నాడు. పంచాయతీలో చెప్పాడు. లాకుల దగ్గరికెళ్ళి నీళ్ళు ఎప్పుడు వదులుతారో కనుక్కున్నాడు. కత్తులు చెక్కవే, పైన వెండి రంగు పూశారు. తమ్ముడు దూకేచోట లారీ ట్యూబు పట్టుకుని ఇద్దరు ఈతగాళ్ళు ఉన్నారు. ముందురోజు ఆటోకి మైకు కట్టించి, రేపు గట్టు మీద సినిమా ఫైటింగు, ఎవరూ కంగారు పడొద్దని మా ఊళ్ళో వీధి వీధీ తిప్పించాడు.

ఆ మైకు ఆటో వంతెన దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. మా దగ్గర ఎప్పుడూ అంతే. కరెంటు తీస్తారని చెప్పినా, పోలియో చుక్కలని చెప్పినా, మా మైకు వంతెన దాటదు. వాళ్ళ మైకూ ఇటు రాదు. కాలవకి అవతల పంచాయతీ వేరు, మండలం వేరు, స్టేషను వేరు. అవతలి వాళ్ళకి కూడా చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మా తమ్ముడి అత్తారిల్లు ఆ అవతలి గట్టు మీదే, మాకు ఎదురుగా.

అతని అత్తగారు చాలా మర్యాద తెలిసిన మనిషి. అల్లుడు అరుగు మీద కూర్చుంటే ఆవిడ తలుపు చాటునుంచి మాట్లాడుతుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అల్లుడి ఎదట గొంతు పెంచగా నేను వినలేదు. ఆ పొద్దున్న ఆవిడ గిన్నెలు తోముకుందామని రేవులోకి దిగింది. వెనకాల ముగ్గురు మనుషులు కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. తలెత్తి చూస్తే ఎదటి గట్టు మీద అల్లుడు పరుగెడుతున్నాడు, వెనక నలుగురు కత్తులతో తరుముతున్నారు. మొహం కనబడకపోయినా ఆవిడ ఆ వీపు పోల్చుకుంది.

"అయ్యో, అల్లుడుగారండీ" అని కేక వినబడింది. పొయ్యి దగ్గరున్న నాకు కూడా వినబడింది. డైరెక్టరు మాత్రం సంతోషించాడు. "జనం బాగా చేస్తున్నారు, అటు తిప్పు" అని కెమెరా అతనితో అన్నాడు.

ఆవిడ, ఒలుపు మనుషులు ముగ్గురూ బల్లకట్టు ఎక్కి తాడు లాక్కుంటూ వచ్చేశారు. వాళ్ళు సగం దూరంలో ఉండగా తమ్ముడు నీళ్ళలోకి దూకాడు. కత్తులవాళ్ళు తోసేశారనుకుంది ఆవిడ. గట్టెక్కుతూనే కింద పడున్న కొబ్బరి మట్ట అందుకుని ముందున్న రౌడీ వీపు మీద ఒక్కటేసింది.

"ఏవండీ, మా అల్లుడుగారి మీదకి కత్తులట్టుకొస్తారాండీ? ఏ ఊరండీ మీది?"

రౌడీ వేషం వేసింది రాజోలు అబ్బాయి. "అమ్మగారండీ, చెక్క కత్తండి ఇది, చూడండి" అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బ మణికట్టు మీద పడింది. ఎముక చిట్లిందని తర్వాత ఆస్పత్రిలో చెప్పారు.

"అత్తయ్యగారండీ, సినిమా అండి ఇది" అని నీళ్ళలోంచి తమ్ముడు అరిచాడు. అల్లుడి గొంతు వినగానే ఆవిడ మట్ట కింద పెట్టేసింది. కొంగు నిండా కప్పుకుని నా పొయ్యి చాటుకి వచ్చి నిలబడింది.

గొడవ సంగతి తెలిసి మా స్టేషను ఎస్సైగారు వచ్చారు. డైరెక్టరు ఇచ్చిన కాగితం చదివారు.

"ఇది రోడ్డుకండి. కాలవలో దూకడానికి ఇరిగేషనోళ్ళ పర్మిషనేదండి?"

"పంచాయతీలో చెప్పేనండి."

"కాలవ పంచాయతీదాండి? పోనీ అవతలి గట్టు స్టేషనుకి చెప్పేరా?"

"లేదండి."

"దెబ్బ తగిలితే తీసుకెళ్ళడానికి అంబులెన్సు పెట్టేరా?"

"వ్యానుందండి."

ఎస్సైగారు కాగితం మడిచి అతని చేతికిచ్చేశారు. "ఈ అబ్బాయి కంప్లైంటిస్తే నేను కేసు కట్టాలి. ఆవిడ పేరు, అల్లుడి పేరు, మీ పేరు, అన్నీ వస్తాయి" అన్నారు.

అందరం రాజోలు అబ్బాయి వైపు చూశాం. చేతికి అట్టముక్క పెట్టి తువ్వాలు కట్టారు, వ్యాను గుమ్మం మీద కూర్చోబెట్టారు. తమ్ముడు తడి చొక్కాతో నిలబడి ఉన్నాడు. అది హీరో చొక్కా.

అత్తగారు నా వెనకనుంచి మెల్లిగా అంది. "అమ్మాయిగారూ, ఆ అబ్బాయి ఏవైనా తిన్నాడేమో అడగండి."

అతనికి వినబడింది. "లేదండి. ఫైటు ముందు తినొద్దన్నారండి."

ఆవిడ నా గిన్నెలోంచి ఇడ్లీలు తీసుకుని వెళ్ళి, తుంచి పచ్చట్లో అద్ది, కొట్టిన చేత్తోనే అతని నోటికందించింది. అతను రెండు ఇడ్లీలు తిన్నాక ఎస్సైగారితో మాట్లాడాడు.

"కంప్లైంటేం లేదండి. నేనూ మస్కట్ కి పెట్టుకున్నానండి. కేసంటే ఏవవుద్దో తెలుసండి." డైరెక్టరు వైపు తిరిగి, "కట్టు మాత్రం మీరు కట్టించాలండి. ఇంకోసారి తీస్తే అవతలి గట్టుకీ మైకు పంపండి" అన్నాడు.

"ఆయ్" అని ఒప్పుకున్నాడు డైరెక్టరు.

ఎస్సైగారు ఆ రోజుకి పని ఆపించేశారు. తమ్ముణ్ణి మళ్ళీ ఆ చొక్కా తొడుక్కోవద్దన్నారు. క్లియరెన్సు వచ్చింది, టిక్కెట్టు కూడా వచ్చింది.

తమ్ముడు వెళ్ళేలోపే సినిమావాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి ఇరిగేషను పర్మిషనుంది, రెండు స్టేషన్లకీ చెప్పారు, అంబులెన్సు పెట్టారు. మైకు ఆటో వంతెన దాటి వెళ్ళింది. నా వంట కూడా అవతలి గట్టుకే మారింది, అత్తగారి పెరట్లో. తమ్ముడు అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు, ఆవిడ తలుపు చాటున నిలబడింది. ఎదురుగా మా గట్టు మీద కొత్తగా వచ్చిన అబ్బాయి అదే చొక్కా తొడుక్కుని పరుగెత్తుకొచ్చి కాలవలోకి దూకాడు.

"అమ్మాయిగారూ, ఆ అబ్బాయిది ఏ ఊరంటండీ?" అని ఆవిడ నన్నడిగింది.

"కె.గంగవరం అంటండి."

"వాళ్ళ అత్తగారికి చెప్పేరంటాండీ?"

డైరెక్టరు మా పక్కనే ఉన్నాడు. ఫోను తీసి మా గట్టు మీద ఉన్నవాళ్ళకి చేసి, ఆ అబ్బాయికి పెళ్ళయిందేమో అడగమన్నాడు.