నర్సమ్మ వేలిముద్రతో మూడు రోజుల ఇంటర్న్‌షిప్

ఉదయం 6.20కి బోనకల్ స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కేటప్పటికే నాకు కోపంగా ఉంది. మా ఊరి నుంచి భద్రాచలానికి వైరా మీదుగా పోతే దగ్గర. కానీ ఇంటర్న్‌షిప్ లెటర్ చేతికే ఇస్తామని, వాట్సాప్‌లో పంపేది లేదని ఖమ్మం విద్యాశాఖ ఆఫీసు గుమస్తా తేల్చి చెప్పాడు. ఆ ఒక్క కాగితం కోసం ఖమ్మం మీదుగా చుట్టు తిరిగి పోవాలి.

నేను హైస్కూల్లో ఒకేషనల్ టీచర్ని, ఫుడ్ ప్రాసెసింగ్ చెబుతాను. నా వెంట వచ్చింది తొమ్మిదో తరగతి శ్రావణి. మూడు రోజులు పనిచేసి, నేర్పినవాళ్ల సంతకం డైరీలో తెస్తేనే ఆమె ఆ సబ్జెక్టులో పాస్. లేకపోతే ఒకేషనల్ మాన్పిస్తానని వాళ్ల నాన్న ముందే చెప్పాడు. టౌను స్కూళ్ల పిల్లలకు బేకరీలు, ల్యాబులు ఇచ్చారు. మాకు భద్రాచలం దాటి అడవి అంచున ఉన్న మహిళా సంఘం షెడ్డు మిగిలింది. "మీ పిల్లలు అంత దూరం ఏం పోతరు మేడం" అని గుమస్తా ఫోన్లో నవ్వాడు. ఆ నవ్వు నాకు గుర్తుంది. అందుకే బయల్దేరాను.

ఆఫీసు తెరిచి లెటర్ ఇచ్చేసరికి 11.10. పదకొండున్నరకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం, ఇద్దరికీ జీరో టికెట్. వైరా దాటాక నిలబడ్డ ఒకాయన, "ఫ్రీ అనంగనే అందరు ఎల్లిండ్రు, మాకు సీటు లేదు" అన్నాడు.

నా పక్కన కూర్చున్న ముసలామె తల తిప్పకుండానే జవాబిచ్చింది. "ఇన్నేండ్లు నువ్వు కూసున్నవ్, మేం నిలవడ్డం. గప్పుడు నీకు యాదికి రాలే?"

ఆయన తల్లాడలో దిగిపోయాడు. కొత్తగూడెం బస్టాండులో పది నిమిషాలు ఆపితే, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. మూడుంబావుకు భద్రాచలం చేరాం. అక్కడి నుంచి షేర్ ఆటో, మనిషికి యాభై. నాలుగు దాటాక షెడ్డు ముందు దిగాం. లోపల ఎవరూ లేరు.

ఎదురుచూస్తూ కూర్చున్నచోట ఒక పచ్చి మామిడికాయ రాలిపడి ఉంది. మా బడి పిల్లల సంచుల్లో ఉప్పుకారం పొట్లం ఎప్పుడూ ఉంటుంది. శ్రావణి పొట్లం విప్పింది, నేను కాయను రాతికేసి కొట్టాను. సగం తినేసరికి సంఘం ఆడవాళ్లు వచ్చారు. ముందున్న పెద్దామె నర్సమ్మ. మాకు పని నేర్పాల్సింది ఆమే.

"ఏందమ్మా ఈ పని? కొత్త మామిడి పండుగ కాలే. తల్లికి పెట్టకముందే మీరు తింటిరా?"

పండుగ చేసి దేవతకు పెట్టేదాకా ఆ ఊళ్లో ఎవరూ మామిడికాయ నోట పెట్టరట. నేను లెటర్ తీసి చూపించాను. "మాకెవ్వరు చెప్పలేదు. ఇందుల గూడ రాయలేదు."

"మా ఊరికి పొమ్మని రాసినోళ్లు మా ఊరి సంగతే రాయలేదా? ఇంకేం కాగితం అది! పొద్దుగాల ఆటోకు పోండి."

నాకు జరిగిన అవమానాలన్నీ లెక్కగా గుర్తుంటాయి. నేను ఇంకొకరికి చేసినదాన్ని ఎలా దిద్దుకోవాలో మాత్రం తెలియలేదు. శ్రావణే ముందుకు వచ్చింది.

"తప్పు మాదే అమ్మమ్మా. ఏం చెయ్యమంటే అది చేస్త. తిట్టు, పడత. పోను మాత్రం పోను."

ఆడవాళ్లు వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వారు. "దీని నోరు చూడు! చేతులు గూడ గిట్లనే నడుస్తయా?" అంది నర్సమ్మ.

ఆమె చెప్పినట్టే ఊరి తల్లి ముందు కొబ్బరికాయ కొట్టి, తప్పు ఒప్పుకున్నాం. ఆ రాత్రి నర్సమ్మ ఇంట్లోనే అన్నం పెట్టి చాప వేశారు. పొద్దున్నే ఏడింటికి పని మొదలు. చింతపండు పెంకు కొట్టాలి, ఈనె లాగాలి, గింజ తీయాలి. మొదటి రోజు శ్రావణి చేసినదంతా, ఈనెలు మిగిలాయని, నర్సమ్మ తిరిగి ఆమె ముందే పోసింది. రెండో రోజు సగమే వెనక్కి వచ్చింది. మూడో రోజు ఇప్పపువ్వు ఎండబెట్టేచోటికి పంపింది. పువ్వును పిడికిట్లో నలిపి, ఎండిందో లేదో చెప్పడం అక్కడే నేర్చుకుంది.

ఆ సాయంత్రం సంఘం లెక్కలు చూసే సారు స్టాంపుతో బండి మీద వచ్చి బల్ల మీద ఇంకుప్యాడు పెట్టాడు.

"రెండు ఫొటోలు దిగుండ్రి మేడం, అయిపాయె. ట్రైనర్ అని నా పేరు రాయిండ్రి, స్టాంపేస్త."

"నేర్పింది నర్సమ్మ గద సార్?" అన్నాను.

"ఆమెకు సంతకం ఏడొస్తది? వేలిముద్ర చెల్లదు."

"నా పేరొద్దులే టీచరమ్మా, పిల్ల పాస్ గావాలె" అంది నర్సమ్మ.

నేను శ్రావణి వైపు చూశాను. పోతే పోయేది ఆమె సబ్జెక్టు. ఆమె అప్పటికే ఇంకుప్యాడు లాక్కుంది. "అమ్మమ్మా, వేలియ్యి."

"మీ ఇష్టం. ఫెయిలైతే నన్ననొద్దు." నర్సమ్మ వేలిముద్ర డైరీలో పడ్డాక, సారు స్టాంపు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఏడున్నరకు ఆటో, తొమ్మిదింటికి బస్సు, ఒంటిగంటకు ఖమ్మం. ఆఫీసులో అదే గుమస్తా డైరీ తిప్పి చూసి, "స్టాంపు లేదు, తీసుకోను" అన్నాడు. ఎందుకు తీసుకోరో రాసివ్వమన్నాను. రాయనన్నాడు. బెంచీ మీద కూర్చున్నాం. మూడున్నరకు విసిగిపోయి, 'వేలిముద్ర ఉంది, స్టాంపు లేదు, పై అధికారికి పంపబడును' అని రసీదు ఇచ్చి డైరీ ఉంచుకున్నాడు. పాస్ చేస్తారో లేదో ఇంకా తెలియదు. చేయకపోతే ఆ పై అధికారి గది ముందు కూడా బెంచీ ఉంటుంది.

ఈ దారిన వచ్చే టీచర్లు ముందుగా ఊరివాళ్లను పండుగ ఎప్పుడో అడగండి. లెటర్‌లో ఉండదు. అయినా పిల్లల్ని అక్కడికే తీసుకుపోండి. మేం బడిలో ఏడాదంతా బోర్డు మీద చెప్పింది అక్కడ మూడు రోజుల్లో వేళ్లకు వస్తుంది.

5.40 రైల్లో శ్రావణి, ముందే తీయించుకున్న డైరీ జిరాక్సులో చివరి పేజీ నింపింది. 'ఈ పని నీకు సరిపోతుందా?' అన్నచోట, 'చింతపండు కొట్టుడు సరిపోదు, ఎండబెట్టే పని సరిపోతుంది' అని రాసింది.

"మరి పాస్ చేయకపోతే? మీ నాయన మాన్పిస్తడు గద?" అన్నాను.

"నాయన్ను ఆ ఊరికి తోల్కపోత టీచర్. నర్సమ్మమ్మ ముంగట నిలవడి నన్ను ఫెయిల్ అనమను."