బసవమ్మ హోటల్లో దిగింది

బసవమ్మ దూరవిద్యలో డిగ్రీ చదువుతోందని మా ఊళ్ళో చాలామందికి ఆఖరి సంవత్సరం దాకా తెలియదు. ఆవిడ మా అంగన్‌వాడీ టీచరు. నలభై దాటి చాలా ఏళ్ళయింది. పిల్లలకి పాలూ గుడ్డూ పెట్టి, సెంటరు తాళం వేసి, చేలో ఉన్న మొగుడికి క్యారేజీ ఇచ్చి వచ్చాక, మిగిలిన పొద్దులో పుస్తకం తీసేది. డిగ్రీ ఉంటే సూపర్‌వైజరు పోస్టుకి పరీక్ష రాయొచ్చని ఎప్పుడో ఎవరో అన్నారట. అన్నవాళ్ళు మర్చిపోయారు గానీ ఆవిడ మర్చిపోలేదు.

ఆ ఏడు పరీక్షలు మార్చిలో పడ్డాయి. మాది సత్తెనపల్లి దగ్గర ఊరు. పరీక్ష సెంటరేమో గుంటూరు అవతల యూనివర్సిటీలో. ముందు పేపర్లకి తెల్లారకముందే బస్సెక్కి వెళ్ళొచ్చింది. ఒకరోజు బస్సు దారిలో చెడిపోయి, ఆటోలు మారి, ఆవిడ చేరేసరికి హాలు తలుపులు మూసేస్తున్నారు. ఆఖరి రెండు పేపర్లూ వరసగా ఉన్నాయి. ఇక ఇలా కాదని, బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు శ్రీదివ్య ఫోన్లోనే గది బుక్ చేసేసింది.

“లాడ్జీలో నేనుండను,” అంది బసవమ్మ.

“లాడ్జీ కాదమ్మా, బొటిక్ హోటలు. చిన్నది, ఇల్లులాగే ఉంటుంది. రేటు కూడా తక్కువే. అక్కణ్ణుంచి పరీక్షకి నడిచి వెళ్ళొచ్చు. మాలాంటి అమ్మాయిలు ఒక్కళ్ళే వచ్చి దిగుతారు.”

“మీ నాన్నని రమ్మంటా.”

“నాన్నెట్టా వస్తాడు? కల్లంలో కాయలున్నాయిగా.”

అది నిజమే. మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి, పైన మబ్బు పడుతోంది. వాన వస్తే పట్టాలు కప్పడానికి మనిషి ఉండాలి. “పోయిరా బసవా, ఏమవుద్ది?” అన్నాడు మొగుడు అంకమ్మరావు.

ఏమవుద్దో బసవమ్మకి తెలుసు.

ఆవిడ తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళ పిన్ని కడుపునొప్పి చూపించుకోవడానికి ఒక్కతే టౌనుకి వెళ్ళింది. ఆస్పత్రిలో ఆలస్యమై ఆఖరి బస్సు పోయింది. బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జీలో గది తీసుకుంది. ఆ రాత్రే దాని మీద పోలీసులు పడ్డారు. గదుల్లో ఉన్న ఆడవాళ్ళందర్నీ బయటికి తీసి, జనం చూస్తుండగా జీపులో ఎక్కించుకుపోయారు. తెల్లారాక మందుల చీటీ చూసి, పొరపాటయిందని పిన్నిని వదిలేశారు. కానీ ఆ రోడ్డు పక్కన చూసినవాళ్ళలో మా వైపు మనుషులున్నారు. పిన్ని కంటే ముందు కబురు ఊరు చేరింది. అత్తగారివాళ్ళు మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. అక్కగారింట్లోనే, అంటే బసవమ్మ వాళ్ళింట్లోనే, ఏ పెళ్ళికీ పేరంటానికీ వెళ్ళకుండా బతికి, అలాగే చనిపోయింది. ఎప్పుడైనా నోరు విప్పితే ఆమె అనేది ఒకటే. “బయటికి రండి, జీపుంది అన్నారే బసవా. అంతకన్నా ఏమీ అన్లేదు.”

హోటలు పేరు గుమ్మం. యూనివర్సిటీ రోడ్డు మీద జిరాక్సు షాపులకీ బిర్యానీ పాయింట్లకీ మధ్య నుంచి ఒక సందు లోపలికి పోతుంది. ఆ సందులో ఉంది. పాత డాబాని బాగుచేసి కట్టారు. మెట్లకి ముగ్గులేసినట్టు పలకలు, గోడల మీద పత్తిచేల బొమ్మలు. సందు చివర బజ్జీల బండి, మొమోల బండి, బైకు మీద ముగ్గురేసి పిల్లలు, ఎవరి ఫోన్లోంచో పాట. తిరనాళ్ళలా ఉంది. బసవమ్మకి మాత్రం అన్ని కళ్ళూ తన చేతిలో ఉన్న బ్యాగు మీదే ఉన్నట్టనిపించింది.

మేనేజరు కరుణాకర్ కుర్రాడే, మర్యాదగా మాట్లాడాడు. ఆధార్ కార్డు తీసుకుని, “మీతో ఇంకెవరైనా వస్తారా మేడం?” అని అడిగాడు. అందరినీ అడిగే మాటే. బసవమ్మ మొహంలోకి వేడి తన్నుకొచ్చింది.

“ఎవరూ రారు,” అంది, అవసరమైన దానికంటే గట్టిగా.

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే లైట్లు వెలగలేదు. ఫ్యాను తిరగలేదు. కిందికెళ్ళి అడగడానికి ధైర్యం చాలక అలాగే చీకట్లో మంచం మీద కూర్చుంది. చాలాసేపటికి వరండాలో ఆడపిల్ల గొంతు వినపడితే తలుపు కొంచెం తెరిచింది. పక్క గదిలో దిగిన అమ్మాయి, పేరు మహిమ, కొత్తపట్నం నుంచి వచ్చింది. ఆ యూనివర్సిటీలోనే ఎమ్మెస్సీ చదివి, ఇప్పుడు పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూ కోసం వచ్చిందట.

“తాళం కార్డు ఈ అరలో పెట్టాలి ఆంటీ. అప్పుడే కరెంటొస్తుంది. నాకూ మొదట్లో తెలీదు,” అని నవ్వుతూ పెట్టి చూపించింది.

ఆ పిల్ల వెళ్ళగానే బసవమ్మ గడియ పెట్టి, కుర్చీ లాగి తలుపుకి ఆనించి, కుర్చీ మీద బ్యాగు పెట్టింది. తెచ్చుకున్న పులిహోర తింది. వరండాలో ఎవరు నడిచినా చదవడం ఆపి, ఆ అడుగులు తన తలుపు దాటి పోయేదాకా ఊపిరి బిగబట్టేది.

మర్నాడు పరీక్ష బాగానే రాసింది. గదికొచ్చి, ఆఖరి పేపరుకి పుస్తకం తెరిచింది. గోడ అవతల మహిమ, ఇంకో అబ్బాయి ఇంగ్లీషులో ప్రశ్నలూ జవాబులూ చెప్పుకుంటున్నారు. అబ్బాయి అడుగుతాడు, ఆ పిల్ల చెబుతుంది, తప్పయితే మళ్ళీ అడుగుతాడు. మధ్యాహ్నమంతా అదే వరస. ఆ మాటలు వింటుంటే బసవమ్మకి కాస్త నెమ్మదిగా కూడా అనిపించింది.

పొద్దు వాలుతుండగా టీ తాగుదామని మెట్ల దాకా వచ్చింది. కింద కరుణాకర్ బల్ల ముందు ఖాకీ చొక్కాలు కనపడ్డాయి.

ఒక హెడ్ కానిస్టేబులు, వెనక ఒక లేడీ కానిస్టేబులు. “అన్ని గదులూ చూడాలి. ఒక్కటి కూడా వదలొద్దు,” అంటున్నాడు హెడ్డు.

బసవమ్మ గదిలోకి ఎలా వెళ్ళిందో ఆవిడకే గుర్తు లేదు. గడియ పెట్టింది, కుర్చీ ఆనించింది, లైటు తీసేసింది. మొగుడికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. కూతురికి చేస్తే ఎత్తింది గానీ, మాట్లాడితే బయటికి వినపడుతుందని బసవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“అమ్మా, ఏంటి, వినపడట్లేదు.”

“పోలీసులొచ్చారే.”

“వస్తే రానీ. ఆధార్ ఇచ్చావుగా. హాల్‌టికెట్ చూపించు. నువ్వు భయపడితేనే వాళ్ళకి అనుమానం వస్తుంది.”

అంతలో తలుపు కొట్టారు. బసవమ్మ ఫోను ఆపేసింది. మళ్ళీ కొట్టారు. “ఎవరమ్మా లోపల? తలుపు తియ్యండి,” అన్నాడు హెడ్డు. బసవమ్మ మంచం అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. ఊళ్ళో వీధి అరుగుల మీద మనుషులు కనపడ్డారు కళ్ళ ముందు. సెంటరు ముందు పిల్లల తల్లులు కనపడ్డారు. వాళ్ళలో ఎవరూ ఏమీ అనరు. పిల్లల్ని పంపడం మానేస్తారు, అంతే.

“ఇది తర్వాత చూద్దాం,” అని అడుగులు పక్క గది వైపు కదిలాయి. ఆ తలుపు ఓరగా తీసే ఉంది.

“ఎవరీ అబ్బాయి?”

“నా క్లాస్‌మేట్ సార్, మార్క్. రేపు నాకు ఇంటర్వ్యూ. ప్రిపేర్ చేయిస్తున్నాడు.” మహిమ గొంతు స్థిరంగానే ఉంది.

“హోటలు గదిలోనా ప్రిపేరయ్యేది? మీ ఇంట్లో తెలుసా? మీ నాన్న నంబరు చెప్పు.”

“సార్, మేమేం తప్పు చేశాం? తలుపు కూడా వేసుకోలేదు.”

“అదంతా స్టేషన్లో మాట్లాడదాం. ఇద్దరూ బయటికి రండి. కింద జీపుంది.”

ఆ మాట తనకి పిన్ని గొంతులోనే వినపడిందని బసవమ్మ నాతో చెప్పింది. తర్వాత ఏం ఆలోచించావని అడిగాను. ఏమీ ఆలోచించలేదంది. లేచింది, గడియ తీసింది. ఆనించిన కుర్చీ సంగతి మర్చిపోయి తలుపు లాగితే అది పెద్ద చప్పుడుతో పడింది. వరండాలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు.

“ఇందాక కొడితే తియ్యలేదేం?” అన్నాడు హెడ్డు.

“భయమేసింది.”

“భయమెందుకు? లోపలెవరున్నారు?”

“ఎవరూ లేరు. చూసుకోండి.” బసవమ్మ గోడ పట్టుకుని నిలబడింది. “ఆ అమ్మాయిని జీపెక్కించొద్దు సార్.”

“నువ్వెవరు? తల్లివా?”

“కాదు. పక్క గదిలో దిగా. పరీక్ష రాయడానికొచ్చా. వాళ్ళు మధ్యాహ్నం నుంచీ చదువుకుంటన్నారు. ఇటు నాకన్నీ వినపడతన్నాయి. నేను కూడా ఇక్కడ ఒక్కదాన్నే ఉన్నా. గదిలో ఉండటమే తప్పయితే, నన్ను కూడా తీసుకుపోండి.”

లేడీ కానిస్టేబులు ముందుకొచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. చొక్కా మీద నసీమున్నీసా అని పేరుంది. పడిన కుర్చీని లేపి బసవమ్మని కూర్చోబెట్టింది. హాల్‌టికెట్ బల్ల మీదే ఉంది. దాన్ని చూసింది, ఆవిడ మొహం చూసింది.

“సార్, మనం వచ్చింది హాస్టల్లో పోయిన లాప్‌టాప్‌ల కోసం,” అంది హెడ్డు వైపు తిరిగి, గొంతు తగ్గించి. “ఇద్దరూ మేజర్లే, ఐడీలున్నాయి. స్టేషన్‌కి తీసుకెళ్ళి ఎస్సైగారికి ఏమని చెబుతాం?”

కరుణాకర్ మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరికి హెడ్డు, “నువ్వు కింద హాల్లో కూర్చుని చెప్పుకో, పో,” అని మార్క్‌ని కసిరి, పైఅంతస్తు మెట్లెక్కాడు. నసీమున్నీసా వెళ్తూ, “మంచినీళ్ళు తాగండమ్మా,” అంది. అంతే.

వాళ్ళు వెళ్ళిపోయాక బసవమ్మ బాత్రూములోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. బయటికొచ్చేసరికి మహిమ ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది.

“నిజంగా తీసుకెళ్ళేవాళ్ళా ఆంటీ?”

బసవమ్మకి పిన్ని సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. తెల్లారితే ఇంటర్వ్యూ ఉన్న పిల్ల. మింగేసింది. “తెలీదమ్మా. ముందు అన్నం తిను,” అంది. మార్క్ కిందనుంచి తెచ్చిన పొట్లాలు విప్పి ఇద్దరూ తిన్నారు. అంకమ్మరావు ఫోను చేసి, “నాలుగు చినుకులు పడ్డాయే, కాయలు తడవలేదు. ఇందాక చేశావేంది?” అన్నాడు. “ఊరికే,” అంది బసవమ్మ.

మర్నాటి పేపరు పోయింది. ప్రశ్నలు చదువుతుంటే అక్షరాలు తెలుస్తున్నాయి గానీ మాటలు తెలియలేదట. ఎవరైనా హాల్లో బూటు కాళ్ళతో నడిస్తే చెయ్యి ఆగిపోయేది. ఆ ఒక్క సబ్జెక్టే తప్పింది. మహిమకి మాత్రం సీటొచ్చింది.

సెప్టెంబరులో ఆ పేపరు మళ్ళీ పడింది. శ్రీదివ్య ఇంకో చోట బుక్ చేస్తానంది, అంకమ్మరావు తోడొస్తానన్నాడు. మార్చిలో ఇంటికొచ్చిన కొన్ని వారాలకే ఆవిడ జరిగిందంతా అతనికి చెప్పింది. “నీకెందుకే ఆ గొడవ?” అని మొదట అని, ఆ తర్వాత చాలాసేపు చేతిలో కాయ తొడిమ గిల్లకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడట. తోడొద్దు, అదే హోటలు చాలు అంది బసవమ్మ. తెలియని చోటు కంటే తెలిసిన చోటే నయమని. ఈసారి పోలీసులు రాలేదు. పేపరు పాసయింది.

ఈ సంగతులేవీ అప్పటికి నాకు తెలియదు. కిరాణా కొట్లో జరిగిన ఒక మాట తర్వాతే ఆవిడ నాకు అన్నీ చెప్పింది. దసరా ముందు ఒకరోజు సాయంత్రం కిరాణా కొట్లో ఉన్నాను. బసవమ్మ సరుకులు కట్టించుకుంటోంది. గుంటూరు కోల్డ్ స్టోరేజీకి లారీ తోలే వీరబాబు లోపలికొస్తూనే, అందరికీ వినపడేట్టు అన్నాడు.

“అక్కా, ఆమధ్య యూనివర్సిటీ కాడ లాడ్జీలోంచి వస్తా కనపడ్డావు. నువ్వేనా అనుకున్నా.”

కొట్లో నలుగురైదుగురం ఉన్నాం. తూకం వేసే చెయ్యి కూడా ఆగింది.

బసవమ్మ తిరిగింది. మొహంలో రక్తం లేదు. “నేనేరా. డిగ్రీ పరీక్షకి పోయా,” అంది. “ఒక్కదాన్నే దిగా. గుమ్మం అని, సందులో ఉంటది. శుభ్రంగా ఉంటది. మీ చెల్లెలు కూడా పరీక్షలు రాస్తందిగా, కావాలంటే ఆ పిల్లకి నంబరిస్తా.”

గొంతు మామూలుగానే ఉంది. సంచీని మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనపడింది.

“సరే అక్కా, అడుగుతా దాన్ని,” అన్నాడు వీరబాబు. తనకి కావలసిన బీడీ కట్ట అడిగాడు.

“ఇంకేం కావాలి టీచరుగారూ?” అన్నాడు కొట్టతను.

“ఉప్పు ప్యాకెట్టు,” అంది బసవమ్మ.