సున్నా చూసి ఇచ్చేశాను

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

గోదావరిఖని దగ్గర ఒక బొగ్గుబాయిలో, ల్యాంపు రూములో నా పని. నా భర్త పోయాక ఆయన బదులు నాకిచ్చిన ఉద్యోగం. లోపలికి దిగేవాళ్లకు దీపాలు, గ్యాసు చూసే మిషన్లు అందించాలి. చదువు వచ్చని చెప్పి చేరాను. రాదు. టోకెన్ల మీది అంకెలు మాత్రం గుర్తుపట్టేదాన్ని.

కొత్త మిషన్లతో పాటు వాటి ప్రోగ్రాం రాసిన స్వప్న అనే అమ్మాయి వచ్చింది.

"అక్కా, స్విచ్ వెయ్యంగనే కనబడే అంకెను నమ్మకు. అంకె పెట్టుకునే జాగను మిషన్ అప్పటికింకా తుడవది. పాతది ఏమున్నదో అదే చూపిస్తది, లేకుంటే ఇంకేదన్న చూపిస్తది. తప్పు నాదే, సరిచేసి పంపిస్త. అందాక 'సిద్ధం' అని వచ్చినంకనే ఇయ్యి. ఫికర్ చెయ్యకు, ఇంగ్లీషు గాదు, మన తెలుగుల్నే పెట్టిన."

తెలుగులో పెట్టింది. ఇక రాదని ఎట్లా చెప్పను? తలూపాను.

తెర మీద అక్షరాలు వచ్చేవి, పోయేవి. ఏది 'ఆగండి', ఏది 'సిద్ధం', నాకు రెండూ ఒకటే. సున్నా అంటే గ్యాసు లేదని తెలుసు, అది కనబడితే ఇచ్చేదాన్ని. చాలాకాలం ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నన్ను చెడగొట్టింది.

ఆ పొద్దున రాజమల్లు కిటికీ దగ్గరికొచ్చాడు. నా భర్త దోస్తు. గ్యాసు లేదని చూసి పని మొదలుపెట్టమని చెప్పే సర్దారు.

"ఏం వదినె, మిషన్ లేసిందా, ఇంక ముసుగు తన్నిందా?"

"సున్నా ఉన్నది. జల్ది తీస్కపో, నీ ముచ్చట్లకు లైను ఆగింది."

ఆ సున్నా పాతది. మిషన్ దాని దగ్గరే బిగుసుకుపోయి ఉండాలి. బాయిలో గ్యాసున్నా సున్నానే చూపింది. రాజమల్లు పని మొదలుపెట్టమన్నాడు. మంట లేచింది. అక్కడ పనిలో ఉన్న ఓదెలు ముఖం, చేతులు కాలాయి. బతికాడు.

విచారణలో అదే మిషన్ వేసి చూశారు. బాగానే నడిచింది. మళ్లీ వేశారు. మళ్లీ బాగానే.

"ఈ తప్పు రమ్మంటే రాదు సార్," అంది స్వప్న. "ఎప్పుడేం చేస్తదో రాసిన నాకే తెల్వది. 'సిద్ధం' వచ్చినంక మాత్రం అంకె తప్పు రాదు."

అందరూ నా వైపు తిరిగారు. 'సిద్ధం' వచ్చిందా?

"వచ్చింది సార్. నేనే చదివిన."

రాజమల్లు నన్ను అనుమానించలేదు. "వదినె చదివిందంటే నిజమే సార్. నేనే సరిగ చూడలేదేమో," అన్నాడు.

అతని సర్దారు పని పోయింది. ఓదెలు ఈనాటికీ అతనితో మాట్లాడడు.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందనా? అవును. కానీ అంతకన్నా, ఆ చదువుకున్న పిల్ల ముందు, నన్ను వదినె అని పిలిచే మనిషి ముందు, నాకు అక్షరం ముక్క రాదని తెలిసిపోతుందన్న సిగ్గు, ఒకడి ముఖం కాలిందన్న దుఃఖం కంటే ఆ నిమిషంలో పెద్దదైంది. ఎంత చిన్న మనిషిని నేను!

తర్వాత సాయంత్రాలు ఆడవాళ్ల బడికి పోయి చదువు నేర్చుకున్నాను. ఒకరోజు మిషన్ వేస్తే తెర మీద మాట దానంతటదే నా నోట్లోకి వచ్చింది. ఆగండి. ఆ పొద్దున సున్నా కింద ఉన్న ఆకారం అదే. అంతవరకూ 'వచ్చిందేమో' అని నన్ను నేను ఓదార్చుకునేదాన్ని. ఆ ఓదార్పూ పోయింది.

ఓదెలూ, నీ కంట పడితే చదువు. రాజమల్లు సరిగ్గానే చూశాడు. ఆ రోజు 'సిద్ధం' రాలేదు. నేను చదవలేదు. అప్పటికి నాకు చదవడం రాదు.

రాశాను. ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.