జేవియర్ తాత పడి చూసిన మంచాలు

జేవియర్ తాత ఏ వస్తువునైనా దాని మీంచి ఒకసారి కింద పడి చూడందే కొనడు. లోకంలో అందరూ కుర్చీ కొనాలంటే కూర్చుని చూస్తారు, మంచం కొనాలంటే పడుకుని చూస్తారు. తాత రెండింటి మీంచీ పడి చూస్తాడు. "కూర్చోడానికి ఏ కుర్చీ అయినా బాగానే ఉంటుందమ్మా. దాని గుణం పడితేగానీ తెలియదు" అంటాడు.

స్కూటరు కొన్నప్పుడు షోరూము వాకిట్లోనే పడ్డాడు. యూసుఫ్‌గూడలో ఫ్లాటు అద్దెకు తీసుకునేటప్పుడు, నీళ్ళు సరిగ్గా వస్తాయా, కరెంటు మీటరు వేరేనా అని అడగాల్సిన మనిషి మెట్ల మీంచి ఒక అంతస్తు దొర్లుకుంటూ కిందికొచ్చాడు. లేచి చొక్కా దులుపుకుని, "మెట్లు మంచివిరా, అడ్వాన్సు ఇచ్చెయ్" అన్నాడు కొడుకు రాబర్టుతో. ఇంటి ఓనరు హడలిపోయి అడక్కుండానే అద్దె తగ్గించాడు.

అంతకు ముందెప్పుడో, గుణదలలో పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్లను చూడమంటే పెరట్లో జామచెట్టు ఎక్కి పడ్డాడట. పెద్దలందరూ నోళ్ళు తెరిచి నిలబడితే, పెళ్ళికూతురు తెరెసమ్మ కిటికీలోంచి తొంగి చూసి, "నేను సరిగ్గా చూళ్ళేదు, ఇంకోసారి పడతారా?" అని అడిగిందట. సంబంధం అక్కడికక్కడే ఖాయమైపోయింది.

ఇదంతా వృత్తి అంటించిన జబ్బు. తాత సినిమాల్లో డూప్. తెర మీద హీరోగారు కొండ మీంచి దూకితే, దూకినవాడు తాత. దూకేముందు కళ్ళెర్రజేసినవాడు, దూకాక కాలరెగరేసినవాడు మాత్రం హీరోగారు. ఆ తర్వాత టీవీలో కూర్చుని, "ఆ షాట్ డూప్ లేకుండా నేనే చేశానండీ" అని చెప్పేదీ ఆయనే. అప్పుడు తాత సోఫాలో కూర్చుని మోకాలికి నొప్పుల మందు రాసుకుంటూ, "అవునవును, చాలా కష్టపడ్డారు పాపం" అని నిజంగానే జాలిపడతాడు.

"ఆయనకు డూప్‌గా చేసింది నువ్వేనా తాతయ్యా?" అని మనవరాలు జాయ్స్ ఎన్నిసార్లు అడిగినా లాభం లేదు. స్కూల్లో చెప్పుకుందామని దాని ఆశ. జూబ్లీహిల్స్ స్కూల్లో ప్రతి రెండో పిల్లకీ మావయ్యో బాబాయో నిర్మాత. జాయ్స్‌కి ఉన్నదల్లా ఈ తాత ఒక్కడే. ఆయనేమో నోరు విప్పడు. "పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదమ్మా" అని నవ్వేసి లోపలికి పోతాడు.

ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లో బంక్ బెడ్ కొనాల్సి వచ్చింది. జాయ్స్ వాళ్ళమ్మ సారాకి ఏలూరులో అక్క ఉంది. ఆవిడ కూతురు షాలిని ఇంటర్ చదవడానికి వీళ్ళింటికి వస్తోంది. జాయ్స్ గదిలో రెండు మంచాలు వేస్తే తలుపు తెరుచుకోదు. అందుకని రెండంతస్తుల మంచమే గతి అని సారా తేల్చింది. ఫోన్లో ఆ మాట చెప్పగానే, "అమ్మో, పైన పడుకుంటే నాకు కళ్ళు తిరుగుతాయి పిన్నీ!" అంది షాలిని.

"మా జాయ్స్ పడుకుంటుందిలేవే, దానికేం భయం!" అని సారా హామీ ఇచ్చేసింది.

పక్కనే ఉన్న జాయ్స్‌కి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. దానికి ఒక రహస్యం ఉంది. తొమ్మిదో తరగతికి వచ్చినా ఆ పిల్ల ఇంకా నిద్రలో మంచం మీంచి పడుతుంది. కిందటేడు నాగార్జునసాగర్ విహారయాత్రలో, క్లాసు క్లాసంతా పడుకున్న హాల్లో ఒకసారి పడింది. తెల్లారేసరికి ప్రణతి అనే పిల్ల దానికి "ధబేల్" అని పేరు పెట్టేసింది. ఆ పేరు చావడానికి పరీక్షలు రావాల్సొచ్చింది.

ఇంట్లోవాళ్ళు అది చిన్నప్పుడే పోయిన అలవాటు అనుకుంటున్నారు. గదిలోంచి దబ్బుమని చప్పుడైతే, "ఏంటే అది?" అని అరుస్తుంది సారా. "పుస్తకం పడిందమ్మా" అని నేల మీద నుంచి జవాబిస్తుంది జాయ్స్. పిల్లల చేత అంత లావు పుస్తకాలు మోయిస్తున్నందుకు సారా ఆ స్కూలు యాజమాన్యాన్ని తిట్టుకుంటుంది.

ఇప్పుడు పై మంచం వద్దంటే కారణం చెప్పాలి. కారణం అమ్మకు చెబితే ఏలూరుకు తెలుస్తుంది, ఏలూరుకు తెలిస్తే క్రిస్మస్‌లోగా చుట్టాలందరికీ తెలుస్తుంది. వద్దనకపోతే ఆ ఎత్తు మీంచి ఏదో ఒక రోజు పళ్ళు రాలతాయి. జాయ్స్ మింగలేక కక్కలేక ఊరుకుంది.

"మంచం కొనడానికి నేనూ వస్తా" అన్నాడు తాత.

"మీరొద్దు మామయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను" అంది సారా.

"కొనేది రెండంతస్తుల మంచం. పడేవాడు లేకుండా ఎలా కొంటావమ్మా?" అని ఆయన అప్పటికే చెప్పులేసుకున్నాడు.

జూబ్లీహిల్స్‌లో మొదట వెళ్ళిన షాపులో మంచాన్ని మంచం అంటే బయటికి గెంటేస్తారేమో అన్నట్టుంది వాతావరణం. సృజన్ అనే సేల్స్ కుర్రాడు నల్లకోటులో ఎదురొచ్చాడు. "మేడమ్, ఇది జస్ట్ బెడ్ కాదు, ఒక ఎక్స్‌పీరియన్స్. మొన్ననే ఒక పెద్ద డైరెక్టర్ గారి పిల్లలకి ఇదే మోడల్ ఇచ్చాం. వాళ్ళు పడుకున్న దగ్గర్నుంచీ వాళ్ళ క్రియేటివిటీ..." అని అతను చెబుతుండగా తాత కళ్ళజోడు తీసి జాయ్స్ చేతికిచ్చి నిచ్చెనెక్కేశాడు.

పైన బుద్ధిగా పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చిన్నగా గురక కూడా పెట్టాడు. తర్వాత ఎడమ పక్కకి తిరిగాడు. అంతే, ధబేల్‌మని సృజన్ కాళ్ళ దగ్గర ఉన్నాడు.

"సార్!" అని కెవ్వుమన్నాడు సృజన్.

"రెయిలింగు మోకాలెత్తు కూడా లేదు బాబూ. పక్కకి తిరిగితే చాలు, పడిపోతాం" అన్నాడు తాత లేచి మోచేయి విదిలించుకుంటూ.

"నార్మల్‌గా పీపుల్ ఎవరూ పడరు సార్."

"మెలకువగా ఉన్నప్పుడు నార్మలే. నిద్రపోయాక ఎవరి ఒళ్ళు వాళ్ళ మాట వింటుందా?"

సారా పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆయన మా మనిషి కాదు" అన్నట్టు పక్కనున్న డ్రెస్సింగ్ టేబుల్ అద్దంలోకి చూసింది. జాయ్స్‌కి భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది.

మధ్యాహ్నానికి తాత జూబ్లీహిల్స్‌లో మంచాలమ్మే ప్రతి చోటా పడ్డాడు. ఒక షాపులో ఎవరో నిజంగానే దెబ్బతిన్నాడనుకుని అంబులెన్సుకి ఫోన్ చేయబోయారు. ఇంకో షాపులో చప్పట్లు కొట్టారు. ప్రతి చోటా ఆయన తీర్పు ఒకటే. "చూడ్డానికి బాగుంది. పిట్టగోడే లేదు. పిట్టగోడ లేని మేడా ఇదీ ఒకటే."

చివరికి ఫిలింనగర్ దారిలో ఒక పెద్ద షోరూముకి చేరేసరికి సారాకి ఓపిక చచ్చిపోయింది. రెయిలింగు ఎత్తు పెంచి ఇస్తారేమోనని మేనేజరు దగ్గర కూర్చుంది. తాత కౌంటరు పక్కన నిలబడి ఏ మంచం ఎక్కాలా అని ఆలోచిస్తున్నాడు. జాయ్స్‌కి ముందురోజు రాత్రి దిగులుతో నిద్రలేదు. మూలనున్న ఒక బంక్ బెడ్ కింది అంతస్తులో కాసేపు నడుం వాల్చింది. షోరూములో ఏసీ చల్లగా ఉంది, పరుపు మెత్తగా ఉంది. పాపం, కళ్ళు మూతలు పడ్డాయి.

సరిగ్గా అప్పుడే ప్రణతి, వాళ్ళమ్మ శ్యామలాదేవి లోపలికి వచ్చారు. వాళ్ళు మంచం కొనడానికే వచ్చారు, కాకపోతే కుక్కకి. "మా బ్రూనోకి నడుం నొప్పండీ. మంచి పరుపు చూపించండి. బాబుగారికి కొన్నదాని కంటే మంచిది కావాలి" అంటోంది శ్యామలాదేవి. బాబుగారంటే ఆవిడ భర్త, నిర్మాత.

ధబేల్!

జాయ్స్ కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉంది. చెంప కింద చల్లటి టైల్సు. ప్రణతి గొంతు వినపడింది. "మమ్మీ, అక్కడెవరో పడ్డారు!" వరసగా ఉన్న మంచాల కింద నుంచి చూస్తే ప్రణతి తెల్ల బూట్లు తన వైపే వస్తున్నాయి. ఇక ధబేల్ అనే పేరు మళ్ళీ బతికొచ్చినట్టే. ఈసారి కాలేజీకి కూడా వెంటొస్తుంది. జాయ్స్‌కి ఏడుపొచ్చింది.

అంతలో అంతకు రెండింతల చప్పుడుతో ఇంకో ధబేల్ వినపడింది. వెనకాలే "ఓరి నాయనో!" అని పెద్ద కేక. తెల్ల బూట్లు ఆగి, తిరిగి, అటు పరిగెత్తాయి.

మంచాల కింద నుంచి జాయ్స్‌కి కనపడింది. కౌంటరు ముందు నేల మీద తాత బోర్లా పడి ఉన్నాడు. ఆయన చెంప కూడా టైల్సుకే ఆనింది. ఆ చివర నుంచి దాని కళ్ళలోకి చూసి, ఒక కన్ను గీటాడు.

"సార్, మీరు ఏ బెడ్డూ ఎక్కలేదు కదా సార్, కింద నిలబడే కదా ఉన్నారు?" అని మేనేజరు తల పట్టుకున్నాడు.

"నేలండీ. ఏ మంచం మీంచి పడ్డా చివరికి పడేది నేల మీదే. అదెలా ఉందో చూడొద్దూ?"

ప్రణతి ఫోన్ తీసి నవ్వుతూ వీడియో తీస్తోంది. జాయ్స్ ఎప్పుడు లేచిందో, ఎక్కడ నుంచి లేచిందో ఎవరూ చూడలేదు. "జాయ్స్, ఈయన మీ తాతయ్యా? నిలబడి నిలబడి పడిపోయారే!" అంది ప్రణతి.

"అవును, మా తాతయ్యే" అంది జాయ్స్. ఆ రోజు పొద్దున్నుంచీ ఆ మాట ఒప్పుకోవడం అదే మొదటిసారి.

సారా కోపంగా ఆటో కోసం ముందుకు వెళ్ళిపోయింది. తాతా మనవరాలూ టీకొట్టు దగ్గర ఆగారు.

"నీకెప్పటి నుంచి తెలుసు తాతయ్యా?"

"ఏ సంగతి?"

"నా... పుస్తకాల సంగతి."

తాత టీ ఊదుకుంటూ తాపీగా చెప్పాడు. "పుస్తకం కింద పడితే 'అబ్బా' అనదు కదమ్మా."

పొద్దున్నుంచీ ఆయన పడిన తీరు జాయ్స్‌కి అప్పుడు గుర్తొచ్చింది. సినిమాల్లో పడినట్టు ఎగిరి, గిరికీలు కొట్టి పడలేదు. ప్రతిసారీ గురక పెట్టి, ఎడమ పక్కకి తిరిగి పడ్డాడు. జాయ్స్ పడేదీ ఎడమ పక్కకే. సిగ్గుపడాల్సింది తనే అనుకుంది గానీ, ఊరంతా ఆయన్ని చూసి నవ్వేలా చేసుకుంటూ ఆయన తన కోసమే పిట్టగోడ వెతుకుతున్నాడని దానికి తట్టనే లేదు.

"అమ్మకి చెప్పావా?"

"పడిందెవరో చెప్పేస్తే ఇంక డూప్ ఎందుకమ్మా?" అన్నాడు తాత. జాయ్స్ ఆయన మోచేతిని పట్టుకుని గీసుకుపోయిన చోట మెల్లగా ఊదింది.

మంచం చివరికి షేక్‌పేటలో యాదగిరి అనే మేస్త్రి చేశాడు. సినిమాలకు రాజమహళ్ళూ జైళ్ళూ కట్టే మనిషి. తాత చెప్పిన కొలతలు విని రంపం పక్కన పెట్టాడు.

"ఏంది సార్ గిది, మంచమా, గోల్కొండ కోటనా? గింత ఎత్తు పిట్టగోడ ఏంటికి?"

"నా తృప్తి కోసమయ్యా."

"సరే తియ్యి. సెట్టుకైతే అట్టతోని చేస్తం. నీకు మాత్రం అసలు కర్రతోని చేస్త. ఫికర్ జేయకు, ఏనుగు పండుకున్నా కింద పడదు."

మంచం ఇంటికొచ్చిన రోజు తాత పైకెక్కి ఎడమకు దొర్లాడు, కుడికి దొర్లాడు, గురక పెట్టి మరీ దొర్లాడు. పడలేకపోయాడు. జీవితంలో మొదటిసారి ఒక ఎత్తు మీంచి నిచ్చెన దిగి వచ్చాడు. "మంచం పాసయింది" అని చెబుతున్నప్పుడు ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. షాలిని ఏలూరు నుంచి దిగి, "ఇంత గోడెందుకు పిన్నీ?" అని అడిగితే, "మీ తాతగారి పిచ్చి" అని సారా ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, బిర్యానీ తిని, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఒరిగారు. జాయ్స్ గోడ వెనక నిశ్చింతగా నిద్రపోతోంది. దబ్బుమని చప్పుడుకి మెలకువొచ్చింది. అలవాటు కొద్దీ నేల కోసం తడిమింది. చేతికి పరుపు తగిలింది. తను పడలేదు!

గోడ మీంచి కిందికి తొంగి చూసింది. షాలిని నేల మీద కూర్చుని తల పట్టుకుని ఉంది. ముఖం పాలిపోయింది. "కళ్ళు తిరగడమేం కాదే. నేను నిద్రలో పడతాను. పిన్నికి చెప్పకే, నీకు పుణ్యముంటుంది" అని గుసగుసగా అంది.

"ఏంటే అది?" అని వంటింట్లోంచి సారా కేక, ఆ వెంటే అడుగుల చప్పుడు.

జాయ్స్ నిచ్చెన మీంచి జర్రున దిగింది. షాలినిని కింది మంచం మీదికి నెట్టి, దుప్పటి కప్పి, తను నేల మీద కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంది. తలుపు తెరుచుకుంది.

"నేనేనమ్మా! పడ్డాను" అంది జాయ్స్. ఇన్నాళ్ళూ ఏ మాట చెప్పడానికి చచ్చేంత సిగ్గుపడిందో ఆ మాట ఇంత తేలిగ్గా ఉంటుందని అది అనుకోలేదు.

సారా పై మంచం వైపు చూసింది, గోడ వైపు చూసింది, కూతురి వైపు చూసింది. "అంత గోడ దాటి ఎలా పడ్డావే?"

"నేనే నేర్పించానమ్మా" అన్నాడు తాత హాల్లోంచి.

"తాతకు తగ్గ మనవరాలు!" అని సారా నుదురు కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. దుప్పటి కింద షాలిని కిసుక్కున నవ్వింది. పుస్తకాల చప్పుడు ఏ అంతస్తు నుంచి వచ్చిందో తాత చెవికి తెలియకుండా ఉంటుందా? హాల్లోంచి ఆయన గొంతు మళ్ళీ వినపడింది.

"బాగా పడ్డావమ్మా."