అప్పన్నకు పని లేకుండా చేసిన ఇంజెక్షన్

2023లో నేను శ్రీకాకుళంలోని ఒక ఛాతీ వ్యాధుల క్లినిక్‌లో నర్సుగా ఉన్నాను. తీవ్రమైన ఆస్తమాకు మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్ మా దగ్గర మొదలైంది ఆ ఏడాదే. ప్రయోగశాలలో తయారయ్యే ఈ ప్రొటీన్, ఊపిరి గొట్టాల్లో వాపు పెంచే ఒకానొక సంకేతాన్ని పట్టి ఆపుతుంది. నెలకోసారి చర్మం కింద ఇస్తాం. రోజూ వాడే ఇన్‌హేలర్ మాత్రం మానకూడదు. ఈ మందు అందరికీ పనిచేయదు. కొన్ని నెలలు చూసి, గుణం కనిపించకపోతే ఆపేస్తారు.

కళింగపట్నం నుంచి వచ్చే పోలమ్మది ఎండుచేపల వ్యాపారం. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరగాలి. ఆయాసమొచ్చి గంప దించితే, మళ్లీ ఎత్తడానికి మరో మనిషి కావాలి. అందుకే ఆమె భర్త అప్పన్న సముద్రంలో వేట మానుకుని ఆమె వెనకే నడిచేవాడు.

నాలుగు ఇంజెక్షన్లయ్యాక డాక్టరుగారు ఆమెను కూర్చోబెట్టారు. ఊది చూసే పరీక్షలో పెద్ద తేడా రాలేదు. ఆయాసం ముదిరినప్పుడు ఆమె ఊళ్లోనే ఎవరిచేతో సూది వేయించుకునేది కనుక, మా రికార్డులు చూసి తేల్చే వీలూ లేదు. ఇక ఆమె మాటే ఆధారం.

"ఎలా ఉంది పోలమ్మా?"

"ఏటుంటాది బాబూ! అలాగే ఉన్నాది."

"గుణం లేదంటే ఈ మందు ఆపేద్దామమ్మా."

పోలమ్మ ముఖం పాలిపోయింది. పక్కనున్న అప్పన్న ఉండబట్టలేకపోయాడు.

"మరి నా సంగతేటి సిస్టరమ్మా? నా పని పోనాది కదా!"

"ఏం పని?" అన్నాను.

"గంపెత్తే పని. దీని ఎనకాల ఊరికే తిరగతన్నాను. ఒక్కపాలి దించితే ఒట్టు! పైగా 'కాళ్లీడ్సుకుంటా వస్తన్నావు, ఇంటికి పో' అని నన్నే కసురుతాది."

"నోర్ముయ్యి మావా!" అంది పోలమ్మ. "బాగున్నానని నోటితో అంటే దిట్టి తగలదేటి?"

"దిట్టి తగిల్తే ఉప్పు తిప్పుతాను. మందాపేస్తే ఏటి తిప్పమంటావే?"

డాక్టరుగారు నవ్వు ఆపుకుని ఒక్కొక్కటే అడిగారు. తెల్లవారుజామున ఆయాసంతో లేస్తోందా? ఊళ్లో మళ్లీ సూది వేయించుకుందా? అన్నిటికీ 'నేదు' అన్నది అప్పన్నే. పోలమ్మ తలొంచుకుంది గానీ కాదనలేదు. ఇంజెక్షన్ కొనసాగింది.

ఆ మందు కనిపెట్టినవారెవరో నాకు తెలియదు. వారికి ఎప్పుడూ కృతజ్ఞురాలినే. అప్పన్నకు ఇంకాస్త ఎక్కువ. రోగి మాటతో పాటు, వెంట వచ్చినవారి కష్టం తగ్గిందేమో కూడా అడగాలని నాకు నేర్పింది అతనే.

మరుసటి నెల పోలమ్మ ఒక్కతే బస్సు దిగి వచ్చింది.

"మీ ఆయనేడీ?"

"యాటకెల్లాడు," అంది, చీర చెంగు సర్దుకుంటూ.

ఎలా ఉన్నావని నేను అడగలేదు.