రెండోసారి అచ్చయిన ఫోటో

2020 ఏప్రిల్. అప్పుడు పులివెందులలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా ఉన్నాను. కంట్రిబ్యూటర్ అంటే నెల జీతం లేని విలేకరి. వార్త రాయడం, ఫోటో తీయడం రెండూ అతని పనే. అంతకుముందు ప్రొద్దుటూరులోనూ, జమ్మలమడుగులోనూ ఇదే పని చేశాను గానీ, ఒక్క బస్సూ లేని బస్టాండును మాత్రం అప్పుడే చూశాను.

లాక్‌డౌన్ సాయంగా జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్లకు నెలకు ఐదు వందల చొప్పున మూడు నెలలు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. మొదటి విడత పడగానే బ్యాంకుల ముందు వరుసలు కట్టారు. మనిషికీ మనిషికీ ఎడం ఉండాలని రోడ్డు మీద సున్నంతో గుండ్రాలు గీశారు. నేనూ వెళ్లి ఫోటో తీశాను. వరుసలో ముందున్నామె ముఖానికి చుట్టుకున్న కొంగు జారి ఉంది. చేతిలో పాసుపుస్తకం, చూపు నేరుగా కెమెరా వైపు. మరుసటి రోజు ఆ ఫోటో జిల్లా పేజీలో వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు.

మేలో రెండో విడత పడింది. ఈసారి వార్త మాత్రమే పంపాను. డెస్క్‌లో, అంటే కడపలో కూర్చుని పేజీలు తయారుచేసేవాళ్లు, పాత ఫోటోనే మళ్లీ వేశారు. అలా దాచిపెట్టి, ఆ సంగతి వచ్చినప్పుడల్లా వాడుకునేదాన్ని ఫైల్ ఫోటో అంటాం. పత్రికల్లో అది మామూలే.

రెండు రోజుల తర్వాత ఓబుల్‌రెడ్డి అనే రైతు పేపరు చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. బండి మీద వెనక కూర్చుని వచ్చింది ఫోటోలోని మనిషే. ఆయన భార్య, లక్ష్మీదేవమ్మ.

“ఏందప్పా ఇది? పోయిన నెల బొమ్మ మళ్లా ఏసినారు. ఈ నెల మేం ఇంగా బ్యాంకుకాడికే పోలేదు.”

“పేరు వేయలేదు గదా మామా,” అన్నాను.

“పేరెందుకు? మొగం సాలదా?”

విషయం మెల్లగా చెప్పాడు. ఆయనకు చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. కాయ కోతకు వచ్చింది. మార్కెట్టు మూత, లారీలు లేవు. తోటలో కాయ కొనడానికి వచ్చింది ఒకే ఒక వ్యాపారి. అతను చెప్పిన ధర నచ్చక, లారీలు తిరిగేదాకా కాయ ఆపుకుంటానన్నాడు ఓబుల్‌రెడ్డి. ఆపుకునే శక్తి ఇంట్లో లేదని వ్యాపారికి తెలియదు. తెలియనంత వరకే ఆ మాటకు బలం.

“నిన్న తోటకాడికి వచ్చినాడు. ఈ పేపరు నా ముందర పరిచి, ‘ఐదు నూర్లకు ఎండలో నిలబడినోళ్లు కాయ ఆపుకుంటారా రెడ్డీ’ అన్నాడు. ముందు చెప్పిన రేటులో సగం చెప్పి పోయినాడు.” భార్య వైపు తిరిగాడు. “ఆ దుడ్లు వద్దంటి గదా.”

“వద్దంటివి. ఆ దుడ్లతో తెచ్చిన నూనెలో ఏసిన బజ్జీలు మాత్రం వద్దనకపోతివి,” అంది లక్ష్మీదేవమ్మ.

ఓబుల్‌రెడ్డి పేపరు మడిచి మళ్లీ చంకలో పెట్టుకున్నాడు.

వాళ్ల ముందే డెస్క్‌కు ఫోన్ చేశాను. ఆ ఫోటో ఇక వాడొద్దన్నాను. “సరే, జూన్ విడతకు ఏం వేయాలి? ఇంకొకామెది తీసి పంపు,” అన్నారు. అదే మాట వాళ్లకు చెప్పాను. అంతటితో సమసిపోయిందనే అనుకున్నాను.

“ఇంగొకామెను పెడ్తారా?” అంది లక్ష్మీదేవమ్మ. “ఆమెకూ ఉంటాడు గదన్నా ఒక యాపారి.”

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆమే మళ్లీ అందుకుంది.

“పొద్దెక్కినాక ఆ లైను సూసినావా నువ్వు? ఒక్క మనిషీ ఉండదు. గుండ్రంలో చెప్పులిడిసి అందరం నీడకు పోతాం. ఆ చెప్పుల్ని ఫోటో తీసుకోపో. చెప్పులు సూసి ఎవురూ రేటు కట్టలేరు.”

సగం ధరకు ఓబుల్‌రెడ్డి కాయ ఇవ్వలేదు. కొంత కాయ పండి రాలిపోయింది. లారీలు తిరగడం మొదలయ్యాక వేరే వ్యాపారి వచ్చి కొన్నాడు. మొదట అనుకున్నంత రాలేదు గానీ, సగానికి మాత్రం పోలేదు.

జూన్‌లో ఎండ ముదిరాక బ్యాంకు దగ్గరికి వెళ్లాను. గుండ్రాల్లో రబ్బరు చెప్పులు, తెగిన వారుకు పిన్నీసు గుచ్చిన చెప్పులు, ఎవరో ఇంటాయనవి వేసుకొచ్చిన పెద్ద చెప్పులు. ఆడవాళ్లు మూసిన అంగళ్ల ముందు నీడలో కూర్చుని ఉన్నారు. లక్ష్మీదేవమ్మ కూడా వాళ్లలో ఉంది. ఫోటో పంపితే డెస్క్‌వాళ్లు మెచ్చుకున్నారు.

సాయం వార్తలో ఎంత ఇచ్చారు, ఎందరికి అందింది అని రాయడమే నాకు అలవాటు. తీసుకున్న మనిషికి అంతకంటే పెద్ద సంగతి ఒకటుంటుంది: తీసుకోవడం ఎవరు చూశారన్నది. ఐదు వందలు వారంలో ఖర్చయిపోతాయి. అచ్చయిన ముఖం మాత్రం, ఇంట్లో ఇబ్బంది తీరినా, ఆ వరుసలోనే నిలబడి ఉంటుంది. అప్పటి నుంచీ ఇలాంటి చోట కెమెరా ఎత్తేముందు ఆమె చెప్పిన ‘ఒక యాపారి’ గుర్తుకొస్తాడు.

ఆ చెప్పుల ఫోటో ఇప్పుడు ఫైల్ ఫోటో అయింది. ప్రభుత్వం డబ్బు వేసినప్పుడల్లా ఏదో ఒక పేజీలో కనబడుతుంది. అందులో ఆమె చెప్పులు ఏవని ఆ మధ్య సంతలో కనబడినప్పుడు అడిగాను.

“నీకు మాత్రం చెప్తానా,” అని నవ్వి, సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.