విప్పడానికి వేసే కుట్లు

ఈ ఉదయం పక్కింటి తీగ మీద ముఖమల్ కోటు ఇంకా వేలాడుతోంది, మంచుకి తడిసి. తాతగారు ఎండ తగ్గకముందే అన్నీ లోపల పెట్టేస్తారు. ఇదెలా మర్చిపోయారో అనుకుంటూ, చేతిలో సంచితో వాళ్ల గుమ్మం దాకా వెళ్లాను.

ఆయన కోడలు బయటికి వచ్చారు. "మావయ్యగారు లేరమ్మా. నమాజుకని లేచి, గోడకి ఆనుకుని కూర్చున్నారు. అంతే."

నిన్న మధ్యాహ్నం కూడా ఆయన కుట్టుమిషను చప్పుడు విన్నాను.

"ఆ సంచిలో ఏంటమ్మా?"

"తాతగారు నాటకానికిచ్చిన కోటండీ. కుట్లు విప్పి తెస్తాను," అన్నాను. అప్పుడు అనాల్సిన మాట అది కాదు.

ఆయన మాకు బంధువు కాదు. ఏలూరులో నాటకాలవాళ్లకి దుస్తులు కుట్టి అద్దెకిచ్చే పెద్దాయన. కొల్లేరు మధ్య కొల్లేటికోటలో నాటకాలకి ఆయన పెట్టెలు పడవ మీద వెళ్లేవి. ఎవరైనా డ్రెస్సులంటే, "ఆహార్యం అనండి" అనేవారు. "గొంతూ నడకా నటుడివే. ఇదొక్కటే బయట నుంచి తెచ్చి పెట్టేది. తెచ్చింది మళ్లీ ఇంకొకరికి వెళ్లాలి కదమ్మా." అందుకని ఎవరి కొలతకీ గుడ్డ కత్తిరించేవారు కాదు. లోపల దూరం దూరంగా కచ్చా కుట్లు వేసి బిగించేవారు. కోటు తిరిగి రాగానే విప్పేసేవారు.

ఒకసారి తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన రాజు వేషధారికి బొత్తాలు పట్టలేదు. "ఏవండీ, కిందటేడు సరిపోయిందండీ!"

"కోటు అలాగే ఉందండి. తమరే పెరిగారు. ఉండండి, విప్పుతాను."

పదో తరగతిలో మా కాన్వెంటు నాటకంలో నేను యువరాజుని. సన్నగా ఉంటానని ఆయనే కొలతలు తీసుకున్నారు. వేదిక మీద మాటలు మర్చిపోయి, మధ్యలోనే లోపలికి పారిపోయి వచ్చాను. "మాటలదేముందమ్మా, అవే వస్తాయి. కోటు మాత్రం బాగా నిలబడింది," అన్నారు.

ఆ సిగ్గుతో కోటు తిరిగివ్వడానికి వెళ్లలేదు. నాలుగేళ్లు. వీధిలో కనిపిస్తే "బాగా చదువుతున్నావామ్మా?" అనేవారు. కోటు సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

మొన్న కాలేజీ లైబ్రరీలో నిఘంటువు తీసి చూశాను. ఆహార్యం అంటే తీసుకురాదగినది. సంస్కృతంలో తీసుకురావడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. "మీరు చెప్పింది నిజమేనండీ" అని చెప్పి, కోటు ఇచ్చి వద్దామని ఇవాళ బయల్దేరాను.

ఇంటికి వచ్చి, విప్పుదామని కోటు తిరగేశాను. లోపల ఒక్క కచ్చా కుట్టు లేదు. రెండు పక్కలా గుడ్డ కత్తిరించి, నా కొలతకి మిషను కుట్టు వేసి ఉంది.